రెండు చేతుల నూరు భరిణెలు

హైదరాబాదులోని ఓ పెద్ద కంపెనీని నేను కరీంనగర్‌లో మా దుకాణం గద్దె మీద లుంగీతో కూర్చుని, ఒక్క పూటలో, ఒక్కడినే ఓడించాను. కోర్టు మెట్లు ఎక్కలేదు. వాయిదాలకు తిరగలేదు. గోడకు ఆనించిన ఫోన్‌లో ఒక గడిలో వాళ్ల వకీలు, ఒక గడిలో తీర్పు చెప్పే అమ్మ, ఒక గడిలో నేను. నేను నోరు విప్పేసరికి అటువైపు మాట పడిపోయింది.

ఈ సంగతి పెళ్లి పందిళ్లలో, చావు ఇళ్లల్లో, చాయ్ దుకాణాల్లో ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. చెప్పిన ప్రతిసారీ కంపెనీ కాస్త పెరిగేది. మంచిర్యాలలో చెప్పినప్పుడు అది బొంబాయి కంపెనీ. జగిత్యాల పెళ్లిలో విమానంలో వచ్చిన కంపెనీ. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి మొదటి వాక్యాన్ని కాస్త తగ్గించుకోవాలి. అందులో లుంగీ మాట నిజం. మిగతావి వరుసగా చెబుతాను.

మాది వెండి తీగ పని. వెండి కడ్డీని కమ్మచ్చు అనే చిల్లుల ఇనుప పలకలోంచి లాగి లాగి వెంట్రుకంత సన్నం చేస్తాం. రెండు తీగలు కలిపి పేని, అణచి, చిన్న పట్టకారుతో చుట్టలు చుట్టి, ఆకులూ పువ్వులూ చేసి చట్రంలో కూరుస్తాం. వెలిగారం చల్లి, ఊదుగొట్టంతో మంట ఊది టంకం పెడతాం. ఊపిరి కాస్త ఎక్కువైతే వారం రోజుల పని ముద్దయి కూర్చుంటుంది.

ఈ పని నాకు మా బాపు నేర్పాడు. నాతోపాటు పక్క గల్లీలోని ముస్లింల ఇంటి నుంచి వచ్చిన మరొకరికి కూడా నేర్పాడు. నాకంటే ఏడాది పెద్ద, అందుకే భాయ్ అంటాను. యాభై ఏళ్లకు పైగా ఒకే కుంపటికి ఇటూ అటూ కూర్చున్నాం. ఆయనది ఎడమచేతి వాటం.

బాపుకు ఒక నియమం ఉండేది. తీగ చుట్టను ఎవరి చెయ్యి ఎటు పోతే అటే తిప్పాలి. నా చుట్టలు కుడికి తిరుగుతాయి, భాయ్‌వి ఎడమకు. అంత సన్నటి తీగ మీద పేరు చెక్కడానికి చోటుండదు కదా, మాకు ఆ మలుపే పేరు. ఎప్పుడో పదేళ్లకు ఎవరైనా విరిగిన వస్తువు తెస్తే, మలుపు చూసి ఎవరు చేశారో తెలుసుకుని, బాగుచెయ్యడానికి ఆ చేతికే ఇస్తాం. "ఇంకొకని మలుపు తిప్పుడంటే వాని సంతకం నువ్వు వెట్టుడేరా" అనేవాడు బాపు. ఒకసారి నేను సరదాకు ఎడమకు తిప్పబోతే పట్టకారుతో వేలి కణుపు మీద కొట్టాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. (మచ్చ లేదు. కొట్టింది నిజం.)

ఇక కంపెనీ. కానుక వస్తువులు కంప్యూటర్‌లో చూపించి అమ్మే కంపెనీ. వాళ్ల మనిషి ఒకాయన మా దుకాణానికి వచ్చి, అద్దాల బీరువాలో ఉన్న కుంకుమ భరిణెను చేతికి తీసుకుని చాలాసేపు చూశాడు. మూత మీద ఒక్కటే తీగ, పద్దెనిమిది ఆకులు. ప్రతి ఆకులోనూ ఆవగింజంత చుట్ట.

"ఇది చేసిన ఉస్తాద్ ఎవరు?" అని అడిగాడు.

భాయ్ ఆ రోజు ఇచ్చోడలో కూతురింటికి వెళ్లి ఉన్నాడు. నేను గద్దె మీద ఉన్నాను.

"నేనే" అన్నాను.

అబద్ధమాడాలని ఆడింది కాదు. అడిగినవాడు మంచి మాట కోసం చూస్తుంటే ఇచ్చేస్తాను, నా గుణం అంతే. కానీ ఆ మనిషి దాన్ని కాగితంలో రాశాడు. నమూనా భరిణె ఉస్తాద్ స్వహస్తాలతో చేసినది. అలాంటివి నూరు కావాలి. వెండి కంపెనీది, పని మాది. ప్రతి భరిణెలోనూ నా ఫోటోతో ఒక చీటీ. సరుకు నమూనాలా లేకపోతే కంపెనీ తిప్పి పంపుతుంది, మేము కరిగించి వాళ్ల వెండిని ముద్దగా అప్పజెప్పాలి. ఏదైనా తగువు వస్తే కోర్టుకు పోకుండా ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి ముందు ఆన్‌లైన్‌లో తేల్చుకోవాలి. ఇన్ని సంగతులున్నాయని నాకు తర్వాత తెలిసింది. సంతకం పెట్టేటప్పుడు నేను ఫోటోకు ఏ చొక్కా వేసుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

భాయ్ తిరిగొచ్చాక చెప్పాను. నవ్వాడు.

"నా మొఖం చూసి భరిణె ఎవడు కొంటడు యార్. నీదే వెట్టుకో. పని మాత్రం చెరి సగం."

చెరి యాభై చేశాం. ఆయనవి ఎడమకు, నావి కుడికి. నమూనా ఎడమది కదా, నేను కూడా ఎడమకు తిప్పాలేమో అన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. బాపు పోయి ఎన్నేళ్లయినా ఆ నియమం పోలేదు. ఉస్తాద్ నేనే అని పరాయివాడికి బొంకినవాణ్ని, భాయ్ మలుపు మాత్రం ముట్టుకోలేదు. ఇలాంటి తెలివి మా గల్లీలోనే పండుతుంది.

ఆ పని నడుస్తుండగానే భాయ్ కళ్లు పోయాయి. షుగరు ఆయన్ను ఎప్పటినుంచో తింటూ ఉంది. ముప్పయ్యో భరిణెకు తీగ రెండుగా కనబడుతోందన్నాడు. యాభయ్యోది వేళ్లతో తడుముతూ ముగించాడు. టంకం నేను పెట్టాను. డాక్టరు ఇక చూపు వెనక్కి రాదన్నాడు. భాయ్ తన పట్టకారును గుడ్డలో చుట్టుకుని ఇచ్చోడకు, కూతురింటికి వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండానే నూరు భరిణెలూ వెనక్కి వచ్చాయి. సగం నమూనాలా లేవట, రెండు పక్కపక్కన పెడితే జత కలవడం లేదట. వెండి ముద్ద చేసి పంపమన్నారు. నా యాభై పోతే పోనీ, చెయ్యి ఉంది, ఇంకో యాభై చేసుకుంటాను. భాయ్ యాభై కరిగిపోతే మళ్లీ రావు. ఆ మాట ఫోన్‌లో చెప్పలేక బస్సెక్కి ఇచ్చోడ పోయి చెప్పాను.

"జర చూడు" అన్నాడు. "నావి కరగకుంట చూడు. ఇంకేం అడుగ."

కరిగించనని కబురు పెడితే కంపెనీ తగువును మధ్యవర్తి ముందుకు తీసుకెళ్లింది. కాగితం బయటికి తీసి చదివింది మా ఇంటామె. అక్కచెల్లెళ్లతో రోజూ ఫోన్‌లో మొఖాలు చూసుకుంటూ మాట్లాడే మనిషి, ఆన్‌లైన్ అంటే ఆమెకు బెరుకు లేదు. ఆమె చూపించిన చోట సంతకం పెట్టడం తప్ప నేను ఏమీ చెయ్యలేదు. జవాబులు పంపింది ఆమె, భరిణెల ఫోటోలు నాలుగు పక్కల నుంచీ తీసి ఎక్కించింది ఆమె. కాబట్టి మొదటి వాక్యంలోని 'ఒక్కడినే' కొట్టేయండి. ఒక్క పూట కూడా కాదు. నాలుగు నెలల్లో నాలుగుసార్లు కూర్చున్నాం.

మధ్యవర్తి విశాఖపట్నంలో ఉండే పెద్దావిడ. ఒకప్పుడు జడ్జిగా చేశారట. మొదటి రోజు ఆమె మొఖం ఫోన్‌లో బిస్కెట్టంత గడిలో కనబడింది. వెనక తెల్లగోడ, ఒక ఫ్యాను. ఈ బిస్కెట్టు మనకేం తీర్పు చెబుతుందిలే అనుకున్నాను. ఆమె ఇరువైపులా వినేసి, "ఇది తేలేదాకా ఒక్క భరిణె కూడా కరిగించడానికి వీల్లేదు. ఉన్నవి ఉన్నట్టే ఉంచండి" అంది. సాయంత్రానికి అదే మాట రాతలో వచ్చింది. మా ఇంటామె ఆ రాతను ప్రింటు తీయించి భరిణెల పెట్టె మీద అతికించింది. ఆ తర్వాత నాలుగు నెలలు నేను ఆ పెట్టె పక్కనుంచి పోయేటప్పుడు చెప్పులు విడిచి పోయేవాణ్ని. ఎక్కడో సముద్రం ఒడ్డున కూర్చున్న మనిషి ఒక మాట అంటే కరీంనగర్‌లో మంట ఆగింది. ఆమెకూ మాకూ మధ్య ఒక్క తీగ లేదు. జీవితమంతా తీగతో తీగ అతికినవాణ్ని, తీగే లేకుండా ఈ అతుకు ఎలా పడిందో నాకు ఈనాటికీ అంతుపట్టదు.

అసలు సంగతి మూడోసారి జరిగింది. ఆ రోజు నా సాక్ష్యం. భాయ్ ఉండబట్టలేక పొద్దుటి బస్సుకే ఇచ్చోడ నుంచి వచ్చేశాడు. కుంపటి దగ్గర తన పాత చోటు తడుముకుని కూర్చున్నాడు. మా ఇంటామె లుంగీ మార్చుకోమంది.

"కడుపు దాకనే కనవడ్తది" అన్నాను.

"గామె లేచి నిలవడుమంటే ఏంజేస్తవయ్యా" అంది.

మధ్యవర్తి అలా అడగలేదు గానీ, అంతకంటే ఇబ్బందిది అడిగింది. సాక్షి పక్కన ఎవరూ ఉండకూడదట, గది అంతా ఫోన్ తిప్పి చూపించమంది. మా ఇంటామె తిప్పింది. గద్దె, కమ్మచ్చు, బాపు ఫోటో, కుంపటి, భాయ్.

"ఆయనెవరండీ?" అంది మధ్యవర్తి.

"మా దోస్తమ్మా. కండ్లు కనవడయి. చాయ్‌కి వచ్చిండు" అన్నాను.

"సాక్ష్యం అయ్యేదాకా బయట కూర్చోమనండి. ఫోన్ పట్టుకునే ఆవిడ ఉండొచ్చు, మాట్లాడకూడదు."

భాయ్ లేచి, గోడ పట్టుకుని, పరదా అవతల మెట్టు మీద కూర్చున్నాడు. యాభై ఏళ్ల నుంచి ఆ చోట ఉన్న మనిషిని చాయ్‌కి వచ్చాడన్నాను. ఆయన విన్నాడు కూడా.

వకీలు చక్కటి మనిషి, టై కట్టుకున్నాడు. నన్ను అండీ గారూ అంటూనే గుంట తవ్వాడు.

"నమూనా మీ స్వహస్తాలతోనే చేశారు కదండీ?"

"అవును."

"యాభై భరిణెల్లో చుట్టలు నమూనాలాగే ఎడమకు ఉన్నాయి. యాభైలో కుడికి. ఒకే ఉస్తాద్ చెయ్యి రెండువైపులా ఎట్ల తిరుగుతది? సగం పని ఎవరో తెలియని వాళ్లతో చేయించారని మా వాదన."

నేను పొద్దున్నుంచి కట్టుకున్న ఉపన్యాసం విప్పాను. మా కళ నిజాముల కాలం నాటిదన్నాను, మహారాజులన్నాను. మధ్యవర్తి ఆసాంతం విని, అందులో ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. తర్వాత నెమ్మదిగా అంది.

"మీ పనిముట్లు అక్కడే ఉన్నాయి కదండీ. ఒక్క ఆకు చేసి చూపించగలరా? తొందరేం లేదు. మేం చూస్తూంటాం."

పట్టకారు చేతికి తీసుకున్నాను. తీగ కొస పట్టాను. ఎడమకు తిప్పాలి. ఎడమకే తిప్పాలని చేతికి చెప్పాను. డెబ్బై దాటిన చెయ్యి నా మాట వినలేదు. కుడికి చుట్టుకుపోయింది, నున్నగా, ముచ్చటగా, ఎవరు చూసినా ఇది నమూనా చేసిన చెయ్యి కాదని తెలిసేట్టు.

వకీలు పెన్ను తీసుకుని ఏదో రాసుకున్నాడు.

"అయితే నమూనా ఎవరిదండీ?" అంది ఆమె.

అబద్ధం ఒప్పుకుంటే కాగితమే చెల్లదంటారేమో, నూరూ కరుగుతాయేమో. ఒప్పుకోకపోతే ఎలాగూ కరుగుతాయి. పరదా అవతల ఆయన ఉన్నాడు. నేను పట్టకారు కింద పెట్టాను. "అమ్మా, నేను అబద్ధమాడిన. నమూనా నా చెయ్యి కాదు. బయట కూసున్న మా భాయ్‌ది" అన్నాను. గొంతు వణకలేదు. పరదా వైపు తిరిగి, "భాయ్, లోపటికి రా" అని పిలిచాను.

వకీలు వెంటనే అడ్డుపడ్డాడు. సాక్షుల జాబితాలో ఆయన లేడన్నాడు. ఆమె ఆ అభ్యంతరాన్ని రాసుకున్నానని చెప్పి, ఆయన్ను ప్రశ్నించడానికి వకీలుకు ఎంత సమయం కావాలన్నా ఇస్తానంది. భాయ్ నా చోట కూర్చున్నాడు. గుడ్డ విప్పి తన పట్టకారు తీశాడు. దాన్ని వెంట తెచ్చుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

"చూపు లేదన్నారు కదా" అంది ఆమె. "మీరు చెయ్యగలరా?"

"చూపు అవసరం పడదమ్మా గింతదానికి. తీగ ఎక్కడుందో వేలు జెప్తది."

తల పైకెత్తి, ఎటో గోడ వైపు మొఖం పెట్టి, ఎడమచేత్తో తిప్పడం మొదలుపెట్టాడు. మా ఇంటామె ఫోన్‌ను ఆయన వేళ్లకు జానెడు దూరంలో పట్టుకుంది. చుట్ట ఒక్కో చుట్టూ బిగుసుకుంటుంటే ఆయన బొటనవేలు దాన్ని తడిమి చూసి వదిలేది, తడిమి చూసి వదిలేది. విశాఖపట్నంలో ఆమె కళ్లజోడు తీసి తెరకు దగ్గరగా వంగింది. హైదరాబాదులో వకీలు టై సర్దుకుంటూ సర్దుకుంటూ చెయ్యి అక్కడే మరిచిపోయాడు. ఎన్ని మైళ్లో, మూడు ఊళ్లు ఊపిరి పట్టుకుని ఒక ఆవగింజంత వెండిని చూశాయి. నేను ఆ చేతిని యాభై ఏళ్లు చూశాను, నిజంగా చూసింది మాత్రం ఆ రోజే. అది దేవుడి గుడి కాదు, మా దుకాణమే. అయినా నా చేతులు వాటంతట అవే కలిశాయి.

అయిదు చుట్లు. ఎడమకు. ఆమె నమూనా ఫోటోను తెర మీద పెట్టి లెక్కపెట్టింది. అందులోనూ అయిదే.

అప్పుడు వకీలు, ప్రశ్నలున్నాయా అని ఆమె అడిగితే, "ఒక్కటే, మేడమ్" అని భాయ్ వైపు చూసి, "మీరెందుకు కుడికి తిప్పమని ఆయనకు చెప్పలేదు... కాదు, ఆయన్ని ఎడమకు తిప్పమని ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. తడబడ్డాడు పాపం.

"గట్ల జెప్తే మా ఉస్తాద్ కొడ్తుండె" అన్నాడు భాయ్.

ఆమె నవ్వలేదు. బాపు నియమం మొత్తం చెప్పించుకుని, మాటమాటా రాసుకుంది. నా మహారాజులకు దక్కని మర్యాద అది.

తీర్పు నెల తర్వాత మెయిల్‌లో వచ్చింది. ఇంగ్లీషులో ఒకటి, మాకోసం తెలుగులో ఒకటి. కింద సంతకం ఉండాల్సిన చోట ఒక పచ్చ గుర్తు. ఒప్పందంలో అడిగింది చేతిపని. పనితనం రెండు చేతులదీ సమానం. మలుపు తేడా ఆ పనిచోటి పద్ధతి, లోపం కాదు. కంపెనీ నూరు భరిణెలూ తీసుకోవాలి. మూత సరిగా పడని ఏడు మేం బాగుచేసి ఇవ్వాలి. చీటీలు మా ఖర్చుతో మార్చి, రెండు చేతుల పేర్లూ, మలుపుల సంగతీ వెయ్యాలి.

చివరి పుటలో ఇంకో వాక్యం ఉంది. 'నమూనా గురించి ప్రతివాది మొదట చెప్పినది నిజం కాదని గమనించడమైనది.' అంతే. తిట్టలేదు, క్షమించలేదు. నన్ను డెబ్బై ఏళ్లుగా అబద్ధాలకోరన్నవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఇంత శుభ్రంగా, ఒక్క మాట ఎక్కువ లేకుండా రాసినవాళ్లు లేరు. ఆ పుటను నేను పారెయ్యలేదు. నా పని అంత సన్నంగా ఎప్పుడైనా కుదిరిందా అని చూసుకుంటూ ఉంటాను.

ఇదంతా రాశాక ఇచ్చోడ పోయి భాయ్‌కి చదివి వినిపించాను. వాకిట్లో కుర్చీ వేసుకుని, ఒక తీగ ముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ విన్నాడు. చాయ్‌కి వచ్చాడన్న చోట కళ్లు మూసుకునే నవ్వాడు. తన పని చోటుకు వచ్చేసరికి తల ఊపాడు. చదవడం అయ్యాక, మంచి మాట అంటాడని కాగితాలు ఒళ్లో సర్దుకుని కూర్చున్నాను.

"అంత మంచిగనే ఉంది" అన్నాడు. "గాని నువ్వు ఒప్పుకోలే. గామె రెండుసార్లు అడిగింది, నువ్వు పట్టకారు వట్టుకొని బొమ్మ లెక్క కూసున్నవ్. నన్ను పిలవలే. పరదా జరిపి నేనే లోపటికి వచ్చి, నాదేనమ్మా గా చెయ్యి అన్న. గదే రాయి."